మట్టికోర్టు మీద గుర్తు

గదిలోంచి మళ్లీ ఠప్పుమని చప్పుడు వినిపించింది. ఇది మూడో రాకెట్.

వంటింట్లో టీ పెడుతున్న కోచమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఫైనల్ ఓడి వచ్చిన కూతురు ఇవాళ మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. దిగాక చేసిన మొదటి పని తలుపు గడియ పెట్టుకోవడం. రెండోది కత్తెర అందుకోవడం. తన నాలుగు రాకెట్ల తీగలూ వరసపెట్టి కోసేస్తోంది.

బిగించిన తీగ తెగితే వచ్చే చప్పుడు ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తండ్రి పనే రాకెట్లకి తీగలు బిగించడం. తల్లి పని ఆ రాకెట్లతో పిల్లలకి ఆట నేర్పడం. క్లబ్బులో పిల్లలు కోచమ్మా అని పిలవగా పిలవగా వీధిలో వాళ్లకీ ఆవిడ కోచమ్మే అయిపోయింది.

ఆవిడ చెవి తలుపు వైపే ఉంది. ఒక నిలువు తీగ తెగింది. కాసేపాగి దాన్ని ఆనుకున్న అడ్డ తీగ. మధ్యలోంచి మొదలుపెట్టి ఒకటి నిలువు, ఒకటి అడ్డం, అలా అంచుల దాకా రావాలి. తీగలు కొయ్యడానికి అదే పద్ధతి. ఒక పక్కనుంచి కోసుకుంటూ పోతే రెండో పక్క లాగుడికి ఫ్రేము వంకర తిరుగుతుంది, ఒక్కోసారి పటుక్కున విరుగుతుంది. పిల్లకి ఆరేళ్లప్పుడు ఆ సంగతి తనే నేర్పింది.

ఇంత కోపంలోనూ పిల్ల పద్ధతి తప్పలేదు. మురిసిపోవాలో ఏడవాలో తల్లికి తెలియలేదు.

టీ కప్పు పట్టుకెళ్లి తలుపు తట్టింది. "తూనీగా, కాస్త టీ తాగు" అంది.

లోపల కత్తెర ఆగింది. "వద్దు కోచ్" అని జవాబొచ్చింది.

కోర్టులో కోచ్ అనాలి, ఇంట్లో అమ్మా అనాలి. ఆ నియమం పెట్టింది కోచమ్మే. సొంత కూతుర్ని ముద్దు చేస్తోందని మిగతా పిల్లల తల్లిదండ్రులు మూతులు తిప్పకుండా ఉండాలని పెట్టింది. నిన్నటినుంచి పిల్ల ఇంట్లో కూడా కోచ్ అనే అంటోంది. అమ్మా అన్న మాట గుమ్మం బయట చెప్పులతోపాటే వదిలేసి వచ్చినట్టుంది.

హాల్లో కుర్చీలో కూర్చుని అత్తగారు కప్పు తుడుస్తోంది. పద్దెనిమిదేళ్ల కింద కోడలు గెలిచిన కప్పు అది. వారానికోసారి బీరువాలోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టకపోతే ఆవిడకి తోచదు. ఆటలో ఓనమాలు తెలియవు. పదిహేను తర్వాత ముప్పై, ముప్పై తర్వాత నలభై ఏమిటి, మీలో ఒక్కరికీ ఎక్కాలు రావా అని కొడుకు పెళ్లప్పుడు అందర్నీ నిలదీసిన మనిషి. కానీ ఆ కప్పు ఫోటో పేపర్లో చూశాకే ఈ పెళ్లికి సరేనంది.

"పరాయి పిల్లకి పాయింటిచ్చి వచ్చావు" అంది తలెత్తకుండానే. "ఇప్పుడు మన పిల్లకి టీ ఇస్తానంటే తాగుతుందటమ్మాయ్?"

కోచమ్మ టీ కప్పు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అక్కడే, బంతుల డబ్బా కింద, పొద్దున క్లబ్బు సెక్రటరీ గారు పంపిన కాగితం ఉంది. టైపు చేసింది. రెండే వాక్యాలు. "దూరంగా కూర్చున్నందువల్ల బంతి గుర్తును నేను స్పష్టంగా చూడలేదు. పొరపాటు పడి ఉండవచ్చు." కింద సంతకానికి గీత. సాయంత్రం అయిదింటికి ఆయనే వచ్చి తీసుకెళతారు.

సంతకం పెడితే మ్యాచ్ ఆ బంతి దగ్గర్నించి మళ్లీ ఆడిస్తారు. పెట్టకపోతే జాతీయ జట్టుకి వెళ్లే ఒకే ఒక్క పేరు ఈ సాయంత్రం ఖాయమైపోతుంది. ఆ పేరు తూనీగది కాదు.

ఆ పేరు గోడది. ఆ పిల్ల కూడా కోచమ్మ దగ్గరే మూడేళ్లుగా నేర్చుకుంటోంది. ఏ బంతి కొట్టినా తిరిగొచ్చేస్తుందని క్లబ్బు పిల్లలు పెట్టిన పేరు. పదహారేళ్లు, రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే గొప్ప. నిన్న ఫైనల్లో ఒక పక్క కూతురు, ఒక పక్క శిష్యురాలు. కోచమ్మ ఎవరి వైపూ కూర్చోకుండా కొలిచినట్టు నెట్‌కి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. ఎవరికీ చప్పట్లు కొట్టలేదు. ఎండ పేరు చెప్పి టోపీ ముఖం మీదకి లాక్కుంది.

చిన్నవాళ్ల ఆటలో గీత గీతకీ మనుషుల్ని నిలబెట్టరు. ఎవరి వైపు బంతి పడితే వాళ్లే లోపలో బయటో చెప్పాలి. ఎదుటివాళ్లకి అనుమానం వస్తే రెఫరీని పిలవచ్చు. మట్టికోర్టు కాబట్టి బంతి పడ్డచోట గుర్తు పడుతుంది, రెఫరీ వచ్చి ఆ గుర్తు చూసి తేలుస్తాడు. ఇంకొక్క బంతి గెలిస్తే తూనీగ మ్యాచ్ గెలుస్తుంది. సరిగ్గా ఆ బంతిని గోడ, తూనీగ వైపు వెనక గీత మీదకి కొట్టింది. తూనీగ వేలెత్తి అవుట్ అంది. గోడ రెఫరీని పిలిచింది. ఆయన అవతలి కోర్టునుంచి నడిచి వచ్చేలోపు తూనీగ నెమ్మదిగా ఆ గుర్తు మీదుగా నడిచింది. ఎడమ బూటు కాస్త ఈడ్చింది.

రెఫరీ వంగి వెతికాడు. గుర్తు లేదు. అప్పుడు బెంచీ మీదనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. బంతి లోపలే పడింది, గుర్తు బూటుతో తుడిచేసింది, నేను చూశాను అని. అది తన గొంతేనని కోచమ్మకి లేచి నిలబడ్డాక గాని తెలియలేదు.

తుడిస్తే పాయింటు పోతుంది. ఆ పాయింటుతోపాటు తూనీగ చేతిలో ఆటా పోయింది. తర్వాత ఒక్క గేమూ గెలవలేదు.

ముందు గదిలో తీగలు బిగించే గట్టింగ్ మిషను ఆగింది. భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నిన్నటినుంచి మాట్లాడని మనిషి, కాగితం కేసి చూసి టైము నాలుగున్నర అయిందన్నాడు.

చూశానంది ఆవిడ.

తర్వాత ఆయన ఆగలేదు. రెఫరీ నిన్ను అడిగాడా, లేదు. బెంచీ మీద కూర్చున్న కోచ్ నోరెత్తకూడదని రూలు లేదా, ఉంది. ఇంకెవరైనా అయితే చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు కారా, ఊరుకునేవాళ్లే. ప్రశ్నా జవాబూ రెండూ ఆయనే చెప్పుకుంటూ పోయాడు. పిల్ల తొమ్మిదేళ్ల కష్టాన్ని ఒక్క మాటతో మట్టిపాలు చేశావన్నాడు. చివరికి గొంతు తగ్గించాడు.

"గోడకి వాళ్లమ్మ ఉంది. నిన్న మన పిల్లకే లేకుండా పోయింది."

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. కోచమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"నేను సంతకం పెడితే గోడ పేరు కొట్టేస్తారు. ఆ పిల్ల ఏం తప్పు చేసింది?"

"మళ్లీ ఆడమనే కదా అంటున్నారు. గెలిస్తే గెలుస్తుంది."

"గెలిచిన మ్యాచ్ మళ్లీ ఎందుకు ఆడాలి? నేను చూశానండీ. కళ్లారా చూశాను. చూడలేదని ఎలా రాయను?"

అత్తగారి ముందు ఆవిడ ఎప్పుడూ ఆయన్ని మీరనే అంటుంది. ఇద్దరూ ఒంటరిగా ఉంటే నువ్వు. ఆట రోజుల నుంచీ అంతే. అప్పట్లో ఆయన టోర్నమెంట్ల వెంట తిరుగుతూ ఆటగాళ్ల రాకెట్లు బిగించేవాడు. ఆవిడ రాకెట్ బిగువు ఎంతుండాలో ఆవిడకన్నా ముందు ఆయన వేళ్లకే తెలిసేది.

మాట ముందుకు సాగలేదు. సాగనివ్వని సంగతులు చాలా ఉన్నాయి ఆవిడ దగ్గర. ఒకప్పుడు ప్రపంచంలో నూట పన్నెండో స్థానం దాకా వెళ్లిన మనిషి. భుజానికి రెండు ఆపరేషన్లయ్యాక చెయ్యి చెవి దాటి పైకి లేవనంది. అంతటితో సరి. కోచింగ్ మొదలుపెట్టిన కొత్తలో, ఒళ్లు తగ్గించుకోవడానికి వచ్చే పెద్దమనుషులకి బుట్టెడు బంతులు ఒక్కొక్కటే విసిరేది. మీరు కూడా ఒకప్పుడు ఆడేవారటగా అని వాళ్లు జాలిగా అడిగేవాళ్లు. నవ్వి ఊరుకునేది. అలా అందరి చేతా అనిపించుకుని, అందరికన్నా ముందొచ్చి మట్టికోర్టు తడిపి, అందరూ వెళ్లాక చాప లాగి చదును చేసి, పన్నెండేళ్లకి ఆ మూడు కోర్టుల పెత్తనం సంపాదించింది. ఇవాళ ఆ కోర్టులే ఆవిడ లోకం. పిల్ల కాక ఆవిడకి మిగిలింది అదొక్కటే.

భర్త కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు తన గోళ్లు చూసుకున్నాడు.

"ఆ రోజు నేనూ కోర్టు పక్కనే ఉన్నాను" అన్నాడు.

ఏ రోజు అని ఆవిడ అడగలేదు.

పెళ్లయి పదిహేడేళ్లు. ఒక్కసారి కూడా ఇద్దరి మధ్యా ఈ సంగతి మాటల్లోకి రాలేదు. ఆయన చూశాడో లేదో ఆవిడకి తెలియదు. చూడలేదనే అనుకుంటూ బతికింది.

"కంచె ఇవతల, నీ రెండో రాకెట్ పట్టుకుని నిలబడ్డాను. అంతా చూశాను. అప్పుడు నోరు మూసుకున్నాను, నీకోసం. నువ్వు నీ కూతురి కోసం ఆ మాత్రం మూసుకోలేకపోయావా?"

కోచమ్మ బల్ల మీదకి వంగింది. "ఎందుకు చెప్పలేదు నువ్వు?" అంది. అత్తగారు అక్కడే ఉందని కూడా మరిచిపోయింది.

గదిలో కత్తెర చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. గడియ తీసిన చప్పుడైంది. తూనీగ గుమ్మంలో నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎడమచేతిలో కత్తెర.

"అంత గుసగుసగా చెప్పక్కర్లేదు నాన్నా. నాకు తెలుసు."

పిల్ల నడిచి వెళ్లి టీవీ పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు వద్దన్నా వినకుండా నానమ్మ చూపించే వీడియో అది. కప్పు గెలిచిన మ్యాచ్. అందరికీ కంఠతా వచ్చు. తూనీగ చివరి గేము దాకా జరిపి ఆపింది. తెర మీద ఇరవై రెండేళ్ల కోచమ్మ వేలెత్తి నిలబడి ఉంది. నెట్ అవతల పొడుగాటి ఆటగత్తె, మోకాలికి కట్టుతో, అంపైర్ వైపు తిరిగి చెయ్యి చాపి ఏదో అంటోంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇవతల కోచమ్మ నెమ్మదిగా నాలుగడుగులు వేసింది. ఎడమ బూటు కాస్త ఈడ్చింది.

"ఏడేళ్లప్పట్నించీ చూస్తున్నాను" అంది తూనీగ. "సందులో ఇటుక గోడకేసి బంతి కొట్టుకునేటప్పుడు నేను కూడా ఎడమకాలు అలాగే ఈడ్చేదాన్ని. నానమ్మ చూసి అచ్చం మీ అమ్మలాగే నడుస్తున్నావే అనేది. గెలిచేవాళ్లు అలా నడుస్తారు కాబోలు అనుకున్నాను."

అత్తగారి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది కోచమ్మ.

"మీరే చెప్పారుగా కోచ్. క్లాసులో రూల్సు నేర్పేటప్పుడు. గుర్తుని రాకెట్‌తో చూపించాలి, కాలు దగ్గరికి పోకూడదు, తుడిస్తే దొంగతనమే అన్నారు. ఇంటికొచ్చి ఈ వీడియో మళ్లీ పెట్టుకున్నాను. అప్పుడు నాకు పదేళ్లు."

"తెలిసి కూడా నిన్న ఎందుకు చేశావు?"

"ఒక్క బంతి మిగిలింది. ఏం చెయ్యాలో తోచలేదు. ఇలాంటప్పుడు అమ్మ ఏం చేసిందో గుర్తొచ్చింది." పిల్ల నానమ్మ చేతిలోని కప్పు కేసి చూసింది. "నువ్వు చేస్తే కప్పు, నేను చేస్తే తప్పు. అంతేగా?"

తల కొట్టేసినట్టయింది ఆవిడకి. పద్దెనిమిదేళ్లు కడుపులో దాచుకున్నది తన పిల్ల కాళ్లలోకి దిగిందని తెలిస్తే ఏ తల్లి మాత్రం తట్టుకుంటుంది. కానీ ఆశ్చర్యం, ఏడుపు రాలేదు. నోట్లోంచి మాటే వచ్చింది.

"అవును. బంతి గీత మీదే పడింది. నేనే తుడిచాను. అవతల ఆడిన ఆమెకి తెలుసు. చివర చెయ్యి కలిపేటప్పుడు నా ముఖం చూడలేదు, నా బూటు చూసింది. నిన్న నీ బూటు కదిలినప్పుడు నాకు నువ్వు కనపడలేదే. ఆమె నిలబడ్డ చోటు కనపడింది. అందుకే లేచాను."

"అయితే అది కూడా రాయి" అంది తూనీగ. "నాది ఊరందరి ముందూ చెప్పావు. నీదీ చెప్పు."

భర్త ఒక్క ఉదుటున లేచాడు. పిచ్చిపట్టిందా అన్నాడు. అది రాస్తే లైసెన్సు ఉండదు, క్లబ్బు గేటు దాటనివ్వరు, ఏ తల్లీ పిల్లని నీ దగ్గరికి పంపదు అన్నాడు. పిల్లకి పోయింది చాలక నీదీ పోగొట్టుకుంటావా, ఈ ఇంట్లో అందరం కలిసి మునుగుదామా అన్నాడు. కాగితం మీద అరచెయ్యి పెట్టి నొక్కేశాడు.

కోచమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది. తోయలేదు, అలా ఉంచింది. కాసేపటికి ఆయనే తీసేసుకున్నాడు. విసురుగా ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడ కాగితం తిరగేసింది. వెనక తెల్లగా ఉంది. రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. టోర్నమెంట్ పేరు, తేదీ, స్కోరు, ఆ పొడుగాటి ఆటగత్తె పేరు. ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ పలకని పేరు అది. అక్షరం తడబడకుండా రాసింది. రోజూ తలుచుకునే పేరు కదా మరి. చివర, నిన్నటి మ్యాచ్‌లో చెప్పిన మాటకి కట్టుబడి ఉన్నానని రాసి, సంతకం పెట్టింది.

తూనీగ పక్కనే నిలబడి మొత్తం చదివింది.

అయిదింటికి బెల్ మోగింది. సెక్రటరీ గారు చెప్పులు విప్పకుండానే చెయ్యి చాపారు. పనైపోయిందన్న ధీమా. ఇటు తిప్పి చూస్తే సంతకం లేదు. అటు తిప్పాక కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. చదివాక కుర్చీ కోసం చుట్టూ వెతుక్కున్నారు.

"అమ్మా, మేమిది అడగలేదే" అన్నారు. నిజంగానే ఇబ్బంది పడ్డారాయన. ఎప్పటి సంగతో ఇప్పుడెవరికి కావాలి, ఇంకో కాగితం టైపు చేయించి పంపుతాను, ఇది నేను చూడలేదనుకుంటాను అన్నారు. ముందు గది వైపు చూశారు. అక్కడ మిషను తిరుగుతోంది గాని భర్త రాలేదు.

"తీసుకెళ్లండి" అంది కోచమ్మ.

ఆయన నిట్టూర్చి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, రేపట్నించి కోర్టుకి రావద్దనీ, కమిటీ ఏమన్నదీ కబురు చేస్తామనీ, తాళాలు మాత్రం ఇప్పుడే ఇవ్వమనీ అన్నారు. మూడు తాళాల గుత్తి మేకుకి వేలాడుతోంది. ఆవిడే తీసి చేతిలో పెట్టింది.

తలుపు మూసి వచ్చేసరికి అత్తగారు కుర్చీలో లేదు. కప్పు బీరువాలోకి వెళ్లలేదు. నేల మీద, తుడిచిన గుడ్డ పక్కన ఉంది.

తూనీగ స్టూలు ఎక్కి గోడ మీది పాత రాకెట్ దింపుతోంది. కప్పు గెలిచిన రాకెట్. ఆ రోజు పొద్దున భర్త బిగించిన తీగలు అలాగే ఉన్నాయి. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ వాటిని ముట్టుకోలేదు. పిల్ల బొటనవేలితో తీగలు నొక్కి చూసింది. ఇంకా బిగువుగానే ఉన్నాయి.

బల్ల దగ్గరికి వచ్చి రాకెట్ తల్లి ముందు పెట్టింది. తన నాలుగో రాకెట్ ఇంకా గదిలోనే ఉంది, కొయ్యకుండా.

"దీన్ని కూడా మధ్యలోంచే కొయ్యాలా?" అని అడిగింది. కోచ్ అనలేదు. అమ్మా అని కూడా అనలేదు.

"ఏదైనా మధ్యలోంచే. లేకపోతే విరుగుతుంది" అంది కోచమ్మ.

తూనీగ కత్తెర తిప్పి, పట్టుకునే వైపు తల్లికి అందించింది.

"అయితే నువ్వే కొయ్యి. నేను చూస్తాను."